బొగ్గుపొయ్యి ఆరిన పిదప

1851వ సంవత్సరమున ఆంగ్లదేశ ప్రభుత్వము, నూటయేబదియేండ్లకు పైగా ప్రజలనుండి వసూలు చేయుచు వచ్చిన కిటికీపన్నును ఎత్తివేసినది. దానికి ముందటి యేడే ఇటుకలపై సుంకము తొలగినది. అద్దముపై సుంకము 1845లోనే పోయినది. వెలుతురునకును గోడకును కట్టవలసిన పన్నులు ఇట్లు ఒక్కటొక్కటిగా రద్దగుటయు, క్రొత్తగా పఱచిన రైలుమార్గములు వేల్సు కొండలలోని పలకఱాతిని, బాల్టిక్ తీరమునుండి ఓడలమీద వచ్చిన కలపను, దూరపు బట్టీల ఇటుకలను కొద్దిపాటి వ్యయముతో ప్రతి పట్టణపు పొలిమేరకును చేర్చుటయు, మిల్లులలోను రేవులలోను కచేరీలలోను పనికై పల్లెలనుండి జనము తండోపతండములుగా వచ్చిపడుటయు ఏకకాలమున సంభవించుటచే, లండను, లివర్పూలు, మాంచెస్టరు, లీడ్సు నగరముల చుట్టునున్న పొలములును తోటలును ఒక్క తరములో వీధులుగా మాఱిపోయినవి. విక్టోరియా రాణి సింహాసనమెక్కిన 1837 మొదలు ఆమె కాలధర్మము నొందిన 1901 వఱకు కట్టిన ఆ యిండ్లు నేటికిని కూలక నిలిచి, నేటి మనుష్యులకు కాపురమునకు ఉపయోగపడుచున్నవి. ఇంగ్లండులోని నివాసగృహములలో ఇంచుమించు అయిదింట నొకవంతు 1919కి పూర్వము కట్టినవే యగుటయు, అందు పెక్కింటికి విక్టోరియా కాలమే పుట్టుక యగుటయు గమనించినచో, ఈ పాతయిండ్లను క్రొత్త జీవనమునకు అనుగుణముగా సవరించుకొనుట ఆ దేశములో ఏ కొలదిమంది ధనికుల వేడుకయో కాదనియు, లక్షలాది సామాన్య కుటుంబములు తరతరములుగా చేయుచు వచ్చిన గృహకృత్యమనియు తెలియగలదు.

ఈ సవరణల చరిత్రను చదివినకొలదియు నాకు స్థిరపడిన అభిప్రాయ మొకటి కలదు. విక్టోరియానాటి యిల్లు రెండు బలములమీద ఆధారపడి నడిచినది: ఒకటి రాతిబొగ్గు, రెండవది పనిమనిషి. ఆ యింటిలోని ప్రతి గది కొలతకును, ప్రతి ద్వారమునకును, ప్రతి గోడ మందమునకును ఈ రెంటిలో నేదో యొకటి కారణముగా నున్నది. ఇరువదవ శతాబ్దములో పనిమనిషి వెడలిపోయినది, బొగ్గు ఆరిపోయినది. ఇల్లు మాత్రము మిగిలినది. ఆ మిగిలిన ఇంటిని ఏమి చేయవలెనన్న ప్రశ్నకు ఒక్కొక్క తరము ఒక్కొక్క విధముగా ఇచ్చిన సమాధానమే ఈ పునర్నిర్మాణ చరిత్ర.

ముందుగా వీనిని కట్టినవారెవరో చూడవలెను. భూస్వామి తన పొలమును అమ్మక తొంబదితొమ్మిదేండ్ల కౌలుకిచ్చును. స్వల్పమైన పెట్టుబడిగల మేస్త్రి అప్పుచేసి మూడో నాలుగో యిండ్లు ఒక వరుసగా లేపును. అవి పూర్తియైనతోడనే ఒక వర్తకుడో, ఒక వితంతువో, తమ సొమ్మునకు నిలుకడయైన రాబడి కావలెనని వానిని కొని అద్దెకిచ్చుకొందురు. కట్టినవాడు అందులో కాపురముండడు, కొన్నవాడును ఉండడు. కావున వీధివైపు గోడకు ఎఱ్ఱని నునుపైన ఇటుకయు, ముందునకు పొడుచుకొని వచ్చిన కిటికీయు, అచ్చుపోసిన ఆకులు పువ్వులు గల శిలాతోరణమును పెట్టి, పెరటివైపునకు వచ్చుసరికి చౌకరకపు ఇటుకతో సరిపుచ్చుట సర్వసామాన్యముగా నుండెను. అనేకచోట్ల పునాదులు లోతుతక్కువవి. ఆ కాలపు పని యంతయు ఉత్తమమనియు నేటి పని యంతయు అధమమనియు వాదించు ప్రాచీనప్రియులను కొందఱను ఎఱుగుదుము. వారు ఈ యిండ్ల నేలపలకలను ఎత్తి చూచినచో ఆ మాట నంత నిశ్చయముగా చెప్పజాలరు. ఐనను ఆ సాధారణపు పనిలోనే ఒక క్రమమును ఒక వివేకమును ఉండెను. దానిని ప్రభుత్వశాసనములు కొంత, అనుభవము కొంత నేర్పినవి.

శాసనముల కథ దుర్గంధముతో ఆరంభమైనది. 1842లో ఎడ్విన్ చాడ్విక్ శ్రామికజనుల ఆరోగ్యస్థితిపై ప్రకటించిన నివేదిక పట్టణములలోని మురికిని పార్లమెంటు ముందు పెట్టినది. 1848లో మొదటి ప్రజారోగ్యశాసనము వచ్చినది. 1858 వేసవిలో థేమ్సు నది కంపునకు పార్లమెంటు సభ్యులే తాళజాలకపోగా, జోసెఫ్ బాజల్జెట్ లండను క్రింద మహాసొరంగములవంటి మురుగుకాలువలు త్రవ్వించెను. 1875నాటి ప్రజారోగ్యశాసనమును అనుసరించి 1877లో వెలువడిన మాదిరి నియమములలో, బండ్లు నడుచు క్రొత్తవీధి ముప్పదియాఱడుగుల వెడల్పు ఉండవలెననియు, ప్రతి యింటి వెనుకను నూటయేబది చదరపుటడుగుల ఖాళీస్థలము విడువవలెననియు, నేలనుండి చెమ్మ పైకి ప్రాకకుండ గోడ మొదట ఒక నిరోధపు పొర వేయవలెననియు విధించిరి. ఇంగ్లండు పట్టణములలో నేడు మైళ్లకొలది తిన్నగా కానవచ్చు ఒకేరీతి వీధులకు ఈ నియమములే చాలవఱకు జన్మహేతువులు. ఆ వెనుకటి చిన్న దొడ్డియే నూఱేండ్ల తరువాత వంటగది విస్తరణకు చోటిచ్చినది.

ఇక లోపలికి పోదము. మధ్యతరగతివారి వరుసయింటికి ముందుతలుపు తెఱచినచో ఇఱుకైన నడవ. దాని ప్రక్కన వీధివైపు కిటికీగల పార్లరు, అతిథులు వచ్చినప్పుడును ఆదివారమునాడును తప్ప ఎవరును కూర్చుండరు. దాని వెనుక భోజనపుగది. అచ్చటినుండి ఇల్లు సన్నబడి, తోకవలె వెనుకకు సాగును. ఆ తోకలో వంటగది, దాని కావల అంట్లుతోము గది, అందులో బట్టలుడికించుటకు ఇటుకలలో కూర్చిన రాగికాగు, ఆ కావల బొగ్గుకొట్టు, చిట్టచివర మరుగుదొడ్డి. కొంచెము పెద్దయిండ్లలో బొగ్గుకొట్టు కాలిబాట క్రింద నుండెడిది. బాటలో గుండ్రని యినుపమూత నొకదానిని ఎత్తి బొగ్గువాడు గోనెసంచి గ్రుమ్మరించెడివాడు. ఆ మూతలమీద పోతపోసిన చక్రములును నక్షత్రములును లండను వీధులలో నేటికిని పాదచారుల అడుగుల క్రింద అరిగిపోవుచున్నవి.

వంటగది అంత చీకటిగా, అంత ఇఱుకుగా, అంత దూరముగా ఎందులకుండెను? ఇంటి యజమానురాలు అందు కూర్చుండదు గనుక. 1891 జనాభాలెక్కలలో ఇంగ్లండు, వేల్సులలో పదమూడు లక్షలకు మించిన స్త్రీలు ఇండ్లలో పనిమనుషులుగా లెక్కకు వచ్చిరి. పదునాలుగు పదునైదేండ్ల బాలిక, అటుకమీది చలిగదినుండి తెల్లవాఱక మునుపే దిగివచ్చి, ఒక్కొక్క గదిలోని పొయ్యిబూడిద నెత్తి, ఇనుపచట్రమునకు నల్లపూత రుద్ది మెఱయించి, క్రొత్తగా చితుకులు పేర్చి నిప్పు రాజేసి, బొగ్గుబొక్కెనలు మూడంతస్తులు మోసి, అందఱు లేచుసరికి పడకగదులకు వేడినీళ్ల కూజాలు చేర్చవలెను. ఈ శ్రమయంతయు ఆమె చేతులనుండి వచ్చినది. అందుచేతనే నీటికొళాయి మేడమీదికి పోవలసిన అవసరము ఇంటివారికి తోచలేదు. ఒంటరి బాలికయొక్క మోకాళ్లమీద ఆ భవనముల వైభవము నిలిచి యుండెనన్న సంగతిని, నేడు ఆ యిండ్ల మెట్లచెక్కడములను చూచి మురియునప్పుడు మఱవరాదు.

బొగ్గు చేసిన పని ఇంతకన్న సూక్ష్మమైనది. పొయ్యిలో నిప్పు రగులుచున్నంతసేపు పొగగొట్టము గదిలోని గాలిని పైకి లాగుచునే యుండును. ఆ గాలికి బదులు తలుపుసందులనుండి, కిటికీచట్రములనుండి, నేలపలకల నడుమనుండి క్రొత్తగాలి లోపలికి ప్రవేశించును. నేలపలకలు నేరుగా మట్టిమీద పఱచినవి కావు. అడ్డదూలములమీద తేలియుండును, వాని క్రింద రంధ్రములుగల ఇటుకలగుండ గాలి ఆడుచుండును. గోడలు తొమ్మిదంగుళముల గట్టిగోడలు. నడుమ ఖాళీ యుండదు. వానకు ఇటుక నీరు పీల్చుకొనును, ఎండకును గాలికిని విడిచివేయును. ఆ విడుచుటకు ముఖ్యమైన దారి ఇటుకల నడుమనున్న సున్నపు అడుసు. మన పెద్దలు గానుగలో ఆడించిన సున్నముతో కట్టిన మిద్దెగోడలవలెనే ఈ గోడలును కాలమునుబట్టి కొంచెము కదలి, కొంచెము తడిసి, మరల ఆరి, పగుళ్లను తామే పూడ్చుకొనుచు బ్రదుకునట్టివి. లోపల సన్నని చెక్కబద్దలు వరుసగా కొట్టి, పశువుల వెండ్రుకలు కలిపిన సున్నపుపూతను వానిమీద ఒత్తగా, అది బద్దల సందులనుండి ఆవలికి దిగి వంకీలు తిరిగి పట్టుకొనును. పొయ్యి లాగెడు గాలి, ఊపిరాడు నేల, ఆరెడు సున్నము ఒక్కటిగా పనిచేసినంతకాలము ఆ యిల్లు చలిగానే యుండెను గాని నెమ్మెక్కలేదు.

ఈ యిండ్లను మొదట మార్చినవారు విక్టోరియా కాలపువారే. 1868లో బెంజమిన్ మాగన్ అను లండను నివాసి గ్యాసుమంటతో స్నానపునీటిని వెంటనే కాచు యంత్రమును నిర్మించి, దానికి ఐస్లాండు దేశపు వేడినీటి ఊటల పేరును పెట్టెను. గీజరను పేరు మన యిండ్లదాక వచ్చినది అచ్చటినుండియే. 1885లో వియన్నాకు చెందిన కార్ల్ ఔవర్ ఫాన్ వెల్స్‌బాఖ్ గ్యాసుదీపమునకు తెల్లని వెలుగునిచ్చు వలను కనిపెట్టెను. నాణెము వేసినంతసేపు గ్యాసు నిచ్చు మీటరు ఆ శతాబ్దాంతమున వచ్చి బీదలయిండ్లకును దీపమును తెచ్చెను. లండను కెన్సింగ్టన్ ప్రాంతమందు 18 స్టాఫర్డ్ టెరెస్ అను యింటికి 1875లో కాపురము వచ్చిన లిన్లీ సాంబర్న్, పంచ్ పత్రికకు వ్యంగ్యచిత్రములు గీయుటలో ప్రసిద్ధుడు. బొమ్మలు గీయుటకు సాయముగా వేలకొలది ఛాయాచిత్రములు తీసినవాడు. అతడు తన స్నానపుగదినే చీకటిగదిగా మార్చుకొని, చలువరాతి తొట్టిలో ఫలకములను కడుగుకొనెడివాడు. స్నానమునకై కట్టిన తొట్టి అట్లు అతని జీవనోపాధికి పనిముట్టయ్యెను.

మొదటి ప్రపంచయుద్ధము పనిమనిషిని తీసికొనిపోయెను. తుపాకిమందు కర్మాగారములలోను, ఆఫీసులలోను, ట్రాముబండ్లమీదను స్వేచ్ఛయు కూలియు ఎక్కువగా చూచిన యువతులు అటుకమీది చలిగదికి మరలి రాలేదు. ఆ యుద్ధకాలముననే గ్లాస్గోలోని స్త్రీలు అద్దెలు కట్టబోమని చేసిన సమ్మె ఫలితముగా 1915లో అద్దెలను అదుపుచేయు శాసనము వచ్చెను. అది న్యాయమైన శాసనమే, కాని రాబడి పెరుగని ఇంటికి యజమానులు మరమ్మతు చేయుట మానివేసిరి. పెద్దకుటుంబములు క్రొత్త శివారులకు తరలిపోగా, నాలుగంతస్తుల భవనములు గదికొక కాపురముగా చీలిపోయెను. ప్రతిగది మూలను ఒక చేతులుకడుగు తొట్టి, ఒక గ్యాసుపొయ్యి, ఒక నాణెపుమీటరు. మేడకంతకు ఒక స్నానపుగది. న్యాయశాస్త్రమునకో వైద్యమునకో సముద్రము దాటిపోయిన మన విద్యార్థులు లండనులో దిగినవి సాధారణముగా ఇట్టి గదులలోనే.

విద్యుత్తు ఆలస్యముగా వచ్చెను. మొదటి యుద్ధాంతమున దేశములో నూటికి ఆఱేడు ఇండ్లకు మాత్రమే తీగలుండెను. 1926నాటి శాసనమువలన దేశమంతటికిని ఒకే వితరణజాలము ఏర్పడిన పిమ్మట, 1939 నాటికి మూడింట రెండువంతుల యిండ్లకు దీపము చేరెను. ఐనను 1951 జనాభాలెక్కలలో మూడవవంతుకు మించిన కుటుంబములకు స్థిరమైన స్నానపుతొట్టి లేదు. బాంబులకు కూలినవి పోగా మిగిలిన పాతయిండ్లను ఏమి చేయుటయను ప్రశ్న అప్పుడు ప్రభుత్వమునకు వచ్చెను. దానికి రెండు సమాధానములు ప్రక్కప్రక్కనే నడచినవి. ఒకటి కూల్చివేత: 1955 మొదలు రెండు దశాబ్దములలో బ్రిటనులో పదిలక్షలకు పైగా ఇండ్లు నేలమట్టమైనవి. రెండవది ద్రవ్యసహాయము: 1949లో ఆరంభమైన ఆ సహాయమును 1959లో విస్తరించి, తొట్టి, చేతులుకడుగు పళ్లెము, వేడినీరు, లోపలి మరుగుదొడ్డి, ఆహారపు అలమర, ఈ యైదును లేని యిల్లు అమర్చుకొనుటకు నియమితమైన సొమ్మును హక్కుగా ఇచ్చిరి. లక్షలకొలది కుటుంబములు ఆ సొమ్ముతో వెనుకటి అంట్లగదిని పడగొట్టి స్నానపుగది కట్టుకొన్నవి. అందుచేత మేడమీది పడకగదినుండి స్నానమునకు పోవలెనన్న మెట్లు దిగి, భోజనపుగది దాటి, వంటగదిలోనుండి నడువవలసి వచ్చెను. అది వింతగా తోచును; కాని చలికాలపు రాత్రి లాంతరు పట్టుకొని దొడ్డి చివరకు నడచినవారికి అది ఎంతటి సుఖమో మనము ఊహింపవచ్చును.

ఇట్టి సమయమున బారీ బక్నెల్ అను పెద్దమనిషి టెలివిజనుమీద కనబడెను. 1962లో బీబీసీ సంస్థ లండనులోని ఈలింగ్ ప్రాంతమున శిథిలమైన విక్టోరియా కాలపు యింటి నొకదానిని కొని, అతడు దానిని క్రొత్తగా తీర్చిదిద్దుటను ముప్పదితొమ్మిది వారములపాటు ప్రసారము చేసెను. చట్రములో పలకలు బిగించి చెక్కిన తలుపుమీద నున్నని హార్డుబోర్డు కొట్టుట, మెట్లప్రక్క తిరిగిన కమ్ములను పలకతో మూసివేయుట, గోడలోని పొయ్యికి అడ్డముగా రేకుబిగించి దాని ముందు విద్యుత్తుకుంపటి పెట్టుట, ఇవి అతడు నేర్పిన విద్యలు. దేశమున లక్షలాదిగ గృహస్థులు శనివారము మధ్యాహ్నము సుత్తి పట్టుకొని అతనిని అనుసరించిరి. పిమ్మటి తరమువారు అతనిని కళాద్రోహి యన్నట్లు నిందించిరి. ఆ నిందతో నేను ఏకీభవింపజాలను. తలుపునకు నాలుగు పలకలున్నచో ప్రతి పలకకును నాలుగంచులు. ప్రతి యంచునను దుమ్ము. ఆ దుమ్మును తుడుచుటకు మునుపటి బాలిక లేదు, ఇంటి యిల్లాలే తుడువవలెను. నున్నని తలుపు ఆమెకు వారములో కొన్ని గంటల విశ్రాంతి. మఱియు ఆ హార్డుబోర్డును చిన్న మేకులతో కొట్టిరే గాని లోపలి తలుపును తీసిపాఱవేయలేదు. ఇరువదేండ్ల తరువాత దానిని ఊడదీసినవారికి అసలు తలుపు చెక్కుచెదరక దొరకినది.

అసలైన హాని కంటికి కనబడని చోట జరిగినది. 1952 డిసెంబరులో నాలుగైదు దినములు లండనును కప్పివేసిన పొగమంచువలన వేలమంది మరణింపగా, 1956లో స్వచ్ఛవాయు శాసనము వచ్చెను. పిమ్మట 1967 మొదలు పదియేండ్లలో ఉత్తరసముద్రపు సహజవాయువు ఇంటింటికిని చేరగా, బాయిలరు, వేడినీటి గొట్టములు, గోడకొక ఇనుపపెట్టె వచ్చి బొగ్గును సాగనంపెను. నగరపుగాలి నిర్మలమయ్యెను, ఇది నిస్సందేహముగా గొప్ప మేలు. కాని ఆఱిన పొయ్యిని గాలిరంధ్రమైన విడువక ఇటుకలతో మూసిరి, కిటికీసందులు బిగించిరి, నేలక్రింది గాలిదారులను పూలమళ్ల మట్టితో కప్పిరి, ఇటుకల నడుమ అరిగిన సున్నమును గీకి సిమెంటు నింపిరి. సిమెంటు ఇటుకకన్న గట్టిది, నీటిని విడువదు. గోడలోని చెమ్మకు సున్నపుదారి మూసికొనిపోగా అది ఇటుకలోనుండియే బయటికి పోవలసివచ్చెను. మంచుకాలమున ఆ నీరు గడ్డకట్టి ఇటుక ముఖమును పెచ్చులుపెచ్చులుగా ఊడగొట్టెను. ఆ వీధులలో ఎచ్చటనైన సిమెంటు గీతలు గట్టులవలె ముందుకు పొడుచుకొని, వాని నడుమ ఇటుకలు గుంటలు పడియున్న గోడ కనబడినచో, దాని రోగచరిత్రయంతయు అదియే. లోపల ఉప్పు పొంగి పూత రాలెను. దూలముల కొసలు గోడలో క్రుళ్లెను. ఆ చెమ్మకు మందనుచు గోడకు వరుసగా రంధ్రములు తొలిచి రసాయనములు ఎక్కించు వర్తకము వృద్ధిచెందెను. పలుచోట్ల కావలసినది మందు కాదు, మూసిన దారులను తెఱచుట.

ఈ విషయము తెలిసినవారు లేకపోలేదు. 1877లో విలియం మారిస్ స్థాపించిన ప్రాచీనకట్టడముల రక్షణసంఘము, పాతగోడను గీకి క్రొత్తది చేయుట తగదనియు, అవసరమైన మరమ్మతు మాత్రమే అదే జాతి సామగ్రితో చేయవలెననియు మొదటినుండి బోధించుచు, సున్నపుపని ఎఱిగిన మేస్త్రీలను తయారుచేయుచు వచ్చినది. కాని వారి దృష్టి అప్పట్లో మధ్యయుగపు చర్చిలమీద నుండెను. తాము నివసించు వీధులు ఒకనాటికి ప్రాచీనములగునని విక్టోరియా కాలపువారు తలచియుండరు. ఆ వీధుల పక్షమున మాటాడుటకు 1958లో వేఱొక సంఘము పుట్టవలసి వచ్చెను. అది పుట్టినది సాంబర్న్ ఇంటిలోనే. అతని మనుమరాలు, రాస్ ప్రభువు భార్యయైన ఆన్, తాతగారి కుర్చీలను, తెరలను, గోడకాగితములను కదలింపక కాపాడుచున్న ఆ యింటికి కవి జాన్ బెట్జమన్, శిల్పచరిత్రకారుడు నికొలాస్ పెవ్స్‌నర్ మొదలగువారిని పిలిచి విక్టోరియన్ సంఘమును స్థాపించెను. మూడేండ్లకే యూస్టన్ స్టేషను ముఖతోరణమును కాపాడుకొనుటలో వారు ఓడిపోయిరి. 1967లో సెయింట్ పాంక్రాస్ స్టేషనును దాని హోటలును ఉత్తమశ్రేణి రక్షణజాబితాలో చేర్పించుటలో గెలిచిరి. ఆ సంవత్సరమే వచ్చిన శాసనమువలన విడివిడి కట్టడములనే గాక వీధులనే రక్షితప్రాంతములుగా ప్రకటించు అధికారము స్థానికసంస్థలకు కలిగెను. సాంబర్న్ గృహము 1980 నుండి ప్రజలకు దర్శనీయమైనది.

ఇంతలో ఇంకొక మార్పు ఆరంభమైనది. చదువుకొన్న యువదంపతులు చవుకగా దొరకుచున్న పాతయిండ్లను కొని సవరించుకొనుటను, ఆ వీధులలోని పేదఅద్దెదారులు క్రమముగా తొలగిపోవుటను గమనించి, రూత్ గ్లాస్ అను సాంఘికశాస్త్రవేత్త 1964లో దానిపై వ్రాసినది. పూర్వము మూసిన పొయ్యిలను ఈ యువదంపతులు తెఱపించిరి, పాతసామానుల దొడ్లలో పోతయినుము చట్రములను వెదకి కొనిరి, హార్డుబోర్డు ఊడదీసిరి. ఐతే ఆ యుత్సాహములో తలుపుల రంగును కాస్టిక్ సోడా తొట్టెలలో ముంచి ఊడగొట్టి, పచ్చి దేవదారు కఱ్ఱను మైనముతో మెఱయించి, ఇదియే విక్టోరియా కాలపు సౌందర్యమనిరి. ఆ కాలపువారు మెత్తకఱ్ఱను ఎన్నడును అట్లు విడువలేదు. రంగైన వేసిరి, ఓకు కలపవలె నారలైన గీసిరి. సోడాలో నానిన తలుపుల అతుకులు వదలి వ్రేలాడినవి. హార్డుబోర్డు కొట్టిన బక్నెల్ శిష్యులకన్న ఆ తలుపులకు ఈ భక్తులు చేసిన చేటే యెక్కువ.

వంటగది ప్రాధాన్యము మాత్రము నిజమైన మార్పు, ఇంటి రూపమునే త్రిప్పివేసిన మార్పు. పనిమనిషి గది, ఇంటివారి గది అను భేదము నశించిన పిమ్మట వండువారే వడ్డించువారు, వడ్డించువారే అతిథులతో మాటాడువారు. కావున పార్లరునకును భోజనపుగదికిని నడుమనున్న గోడను తీసి, మేడబరువు మోయుటకు ఉక్కుదూలము నెత్తిరి. వెనుకటి తోక ప్రక్కనున్న సన్నని సందును అద్దపుకప్పుతో కప్పి వంటగదిలో కలిపిరి. అటుకకు కిటికీలు పెట్టి పడకగది చేసిరి. ఉమ్మడిగోడలో దూలపుకొస నాటవలెనన్నచో ఇరుగుపొరుగులకు ముందుగా వ్రాతమూలముగా తెలుపవలెనని 1996నాటి శాసనము విధించుచున్నది. ఒకప్పుడు ఇంటిలో మిక్కిలి చీకటియైన మూల నేడు మిక్కిలి వెలుగుగల గది. పిల్లలు పాఠములు చదువుట, పెద్దలు లెక్కలు చూచుకొనుట, చుట్టములు కూర్చుండుట అన్నియు అచ్చటనే. తూర్పు లండనులోని ఈస్ట్ హామ్ వంటి ప్రాంతములలో ఈ వరుసయిండ్లలో కాపురమున్న మన తెలుగు కుటుంబములకును వెనుకటి వంటగదియే ఇంటికి నడిబొడ్డు. పనిమనిషికొఱకు కట్టిన గదికి ఇట్టి గౌరవము కలుగుటను నేను మనసారా హర్షింతును.

కూల్చివేత వాదము మాత్రము అంతరింపలేదు. 2002లో ఉత్తర, మధ్య ఇంగ్లండులలోని తొమ్మిది ప్రాంతములలో ఇండ్లధరలు పడిపోయినవను కారణమున ప్రభుత్వము వరుసవీధులను ఖాళీచేయించి పడగొట్టు పథకము నొకదానిని ఆరంభించి 2011లో విరమించెను. లివర్పూలు నగరమున రిచర్డ్ ఓవెన్స్ అను వేల్సు వాస్తుశిల్పి రూపకల్పన చేసిన వెల్ష్ వీధులు, బీటిల్స్ బృందపు రింగో స్టార్ పుట్టిన మాడ్రిన్ వీధితో సహా, కిటికీలకు రేకులు కొట్టించుకొని ఏండ్లకొలది మూగగా నిలిచినవి. 2015లో మంత్రి ఆ కూల్చివేతను నిరాకరింపగా, రెండేసి చిన్నయిండ్లను ఒక్కటిగా కలుపుట మొదలగు సవరణలతో వానిని మరల కాపురములకిచ్చిరి. వానికి అనతిదూరములోని గ్రాన్బీ వీధుల వృత్తాంతము ఇంకను మెచ్చదగినది. అచ్చట మిగిలిన కొలదిమంది నివాసులు, ముఖ్యముగా స్త్రీలు, ఎవరి యనుమతికిని ఎదురుచూడక వీధి ఊడ్చి, పాడుపడిన యిండ్ల ముంగిళ్లలో పూలకుండీలు పెట్టి, మూసిన కిటికీరేకులమీద రంగులు వేసి, వీధిలోనే సంత పెట్టి, 2011లో భూమిని ఉమ్మడిగా నిలుపుకొను ధర్మకర్తృత్వసంస్థ నేర్పరచుకొనిరి. అసెంబుల్ అను యువశిల్పుల బృందము వారితో కలిసి కెయిన్స్ వీధిలో పది యిండ్లను బాగుచేయగా, ఆ పనికి 2015లో కళారంగపు టర్నరు బహుమానము లభించెను. ఆ యిండ్ల శిథిలములనుండి ఏరిన ఇటుకముక్కలను, పలకఱాతిపెంకులను కాంక్రీటులో కలిపి, పోతపోసి, అరగదీసి, గదులలో పొయ్యిగూళ్ల చుట్టు పెట్టు చట్రములు చేసిరి. ఎఱ్ఱని, నీలపు, బూడిదరంగు ముక్కలు అందు కలగలసి కనబడును. బాగుచేయ వీలులేనంతగా లోపల కూలిపోయిన రెండిండ్లను గోడలు మాత్రము నిలిపి, అద్దపుకప్పు వేసి, లోపల చెట్లునాటి 2019లో అందఱకు తోటగా తెఱచిరి.

ఇప్పుడు ఇంకొక విడత సవరణ నడుచుచున్నది; దీనికి కారణము భూతాపము. బొగ్గు తరువాత వచ్చిన వాయువును గూడ సాగనంపవలసిన కాలము వచ్చినది. గట్టిగోడ వేడిని నిలుపదు. నడుమ ఖాళీ లేదు గనుక అందు నింపుటకును వీలులేదు. వీధివైపు ఎఱ్ఱయిటుకను పైనుండి కప్పినచో ముఖము పోవును. లోపలినుండి కప్పినచో గోడ ఇంకను చల్లబడి, ఆరక, దూలపుకొసలకు చెమ్మ చేరును. అందుచే తెలిసిన మేస్త్రీలు నీరావిరిని లోనికి పీల్చి విడువగల చెక్కనార పలకలను సున్నముతో అంటించి, పైన సున్నమే పూయుచున్నారు. గోడ ఊపిరికి అడ్డురాని కప్పు అది. కాని రెండు మూడంగుళముల ఆ పలక వచ్చినచోట, లోకప్పునకును గోడకును నడుమ అచ్చుపోసిన ఆకులతోరణము మునిగిపోవును. దానిని తెగగొట్టుటా, గది చలిగా విడుచుటా యని ఇంటింటను చర్చ. పలువురు ఎన్నుకొనుచున్న పద్ధతి నాకు యుక్తముగా తోచుచున్నది: అలంకారములేని వెనుకటి తోకకును, అటుకకును, నేలక్రిందికిని పూర్తిగా వేడినిలుపు కవచము, ముందుగదికి మాత్రము పాతకిటికీని కదలింపక లోపల రెండవ అద్దము, కిటికీప్రక్క పెట్టెలలో ఎన్నడో రంగుతో అతికి మూసికొనిపోయిన మడత చెక్కతలుపులను ఊడదీసి, బందులకు నూనె వేసి, రాత్రులందు మరల మూయుట.